రేవులో లింకు తెగే చోటు

12 ఫిబ్రవరి 2005

మా గైడు ఆదినారాయణ సార్ ఒప్పుకున్నారు. ఫోన్లో విన్నప్పుడు నమ్మకం కుదరక మళ్ళీ అడిగాను. నిజంగానే ఒప్పుకున్నారు. నా నెట్‌వర్క్‌ని పరీక్షించే టెస్ట్‌బెడ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో కాదు, సఖినేటిపల్లి రేవులో.

రెండేళ్ళుగా నా నెట్‌వర్క్ కంప్యూటర్‌లోనే బతుకుతోంది. స్క్రీన్ మీద చుక్కలు కదులుతాయి. ఒక చుక్క చెప్పిన మాట ఇంకో చుక్క అందుకుని మూడో చుక్కకి చేరవేస్తుంది. టవరు లేదు, తీగ లేదు. కదిలే మనుషులే ఒకరికొకరు టవర్లు. సిమ్యులేషన్‌లో అంతా చక్కగా నడుస్తుంది, ఎందుకంటే ఆ స్క్రీన్ మీద కొబ్బరితోట లేదు, ఉప్పుగాలి లేదు, నది లేదు.

ఆరుబయట పెడితే ఏమవుతుందో చూడాలి. అయితే కదిలేది రోజూ ఒకే దారిలో కదలాలి. అప్పుడే ఇవాళ్టి లెక్క రేపటి లెక్కతో పోల్చుకోగలం. స్టూడెంట్లకి బ్యాగులిచ్చి గ్రౌండ్‌లో నడిపిద్దామన్నారు సార్. నేను పంటు అన్నాను. వశిష్ఠ గోదావరి మీద ఈ ఒడ్డు నుంచి నరసాపురం ఒడ్డుకి పొద్దస్తమానం అదే దారి, మనుషుల్ని, బైకుల్ని, లారీల్ని మోసుకుంటూ. అంత బుద్ధిగా తిరిగే స్టూడెంటు ఏ కాలేజీలో దొరుకుతాడు?

సార్ నవ్వారు. నవ్వాక, జూన్‌లో రివ్యూ కమిటీ వస్తుందనీ, వాళ్ళకి నచ్చకపోతే సామానంతా యూనివర్సిటీకి తిరిగొచ్చేస్తుందనీ చెప్పారు. అంటే నేను మళ్ళీ చుక్కల దగ్గరికి.

ఈ రేవు దాటే నరసాపురంలో ఇంటర్ చదువుకున్నాను. అప్పుడు నన్ను దాటించిన పంటుతో ఇప్పుడు పరిశోధన.

అమ్మకి చెబితే, రేవులో ఏం పెడతావే, కొట్టా? అంది.

20 ఫిబ్రవరి

పంటు నడిపే సరంగు పెద్దిరాజు గారితో మాట్లాడాను. కాంట్రాక్టరు అప్పటికే సరేనన్నా, సరంగు ఒప్పుకోకపోతే పంటు మీద మేకు కూడా కొట్టలేం.

పంటు మీద బిగించాల్సిన రేడియో పెట్టెని చుట్టూ తిరిగి చూశారు. దీంట్లోంచి కరెంటు గట్రా నీళ్ళలోకి దిగదు కదండీ అమ్మాయి గారూ, అన్నారు. దిగదండీ అన్నాను. మరి నా ఇంజనాగిపోదు కదండీ? ఆగదండీ. ఇంతకీ ఇది అవతలొడ్డుకి ఏం చెబుతాదండీ?

“ఇక్కడున్నాను, ఇక్కడున్నాను అని చెబుతూ ఉంటుందండీ.”

“ఆ మాట నా హారను ఎప్పట్నించో చెబుతానే ఉందండీ,” అని పకపకా నవ్వి, “పెట్టుకోండి, ఆయ్,” అన్నారు.

5 మార్చి

గొట్టం లేచింది!

టికెట్ల గది కప్పు మీద జీఐ గొట్టం, దాని కొసన యాంటెన్నా. నేను పని చేసే కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్ వీరవెంకటరమణ ఎక్కి బిగించాడు. పేరంత పొడుగు కాదు మనిషి, గొట్టం చివరికి అందక సిమెంటు బస్తాలు వేసుకుని నిలబడ్డాడు. టికెట్ల కోసం వచ్చినవాళ్ళంతా తలెత్తి చూశారు. ఇంక మా ఊళ్ళో సెల్‌ఫోన్లు బాగా పలుకుతాయా అని ఒకాయన అడిగాడు. ఇది ఆ టవరు కాదండీ అంటే, మరెందుకండీ అన్నాడు. నిజమే.

పంటు బయల్దేరింది. నేను గది దగ్గర ల్యాప్‌టాప్ ముందు, రమణ పంటు మీద. స్క్రీన్ మీద ఒక లైను పడింది. ఇంకోటి. తర్వాత ధారగా పడుతూనే ఉన్నాయి. గోదావరి మీద కదిలే పడవలోంచి నా గట్టుకి, మధ్యలో తీగ లేకుండా.

నేను రాసిన ప్రోగ్రామ్ గాలిలో పని చేస్తోంది. ఇది రాసుకోవడానికి వేరే మాటలు లేవు.

13 మార్చి

కనెక్టర్లు తుప్పు పట్టాయి. అన్నీ. పది రోజులు కాలేదు.

19 మార్చి

అమ్మ సంచులు కుడుతోంది.

ఇది రాయాలి. నాన్న పోయాక అమ్మ కువైట్ వెళ్ళింది. నేనప్పుడు ఏడో తరగతి. అక్కడ ఇళ్ళల్లో పని. పిన్ని దగ్గర పెరిగాను. అమ్మ పంపిన డబ్బుతోనే ఎంటెక్ దాకా వచ్చాను. అమ్మ పూర్తిగా తిరిగొచ్చి ఏడాదయింది. ఒకరంటే ఒకరికి ప్రేమ ఉంది, సందేహం లేదు. కానీ మాటలు తొందరగా అయిపోతాయి. తిన్నావా, తిన్నాను. పడుకుంటావా, పడుకుంటాను.

మొన్న తుప్పు కనెక్టర్లు ముందేసుకుని కూర్చుంటే పక్కకొచ్చి కూర్చుంది. ఇదేంటి, ఇదెక్కడ పెడతావు, దీన్ని ఎవరు మోస్తారు, అని ఒక్కొక్కటే అడిగింది. చెప్పాను. ల్యాప్‌టాపు, బ్యాటరీ, వైర్‌లెస్ కార్డు, జీపీఎస్ కలిపి ఒక సంచిలో పెడితే దాన్ని నోడ్ అంటామనీ, అది మోసుకుని మనుషులు తిరగాలనీ చెప్పాను. మర్నాడు రాజోలు వెళ్ళి టార్పాలిన్ గుడ్డ తెచ్చింది. వేడికి ఊపిరాడాలి కదే దీనికి, అని పక్కన దోమతెర గుడ్డతో కిటికీ పెట్టింది. యాంటెన్నా బయటికి రావడానికి చిన్న గొట్టం లాంటి అర కుట్టింది. కువైట్‌లో ఆ ఇంటి పిల్లల బట్టలన్నీ తనే కుట్టేదట. నాకా సంగతి ఇవాళే తెలిసింది.

2 ఏప్రిల్

స్టూడెంట్లకి పరీక్షలు. నడవడానికి ఎవరూ లేరు. రివ్యూకి ముందు సంచులతో నడిచి చేయాల్సిన రన్‌లు బోలెడున్నాయి.

అమ్మ సంచి భుజాన వేసుకుంది. ఎటు నడవాలో చెప్పు, అంది.

బరువే అమ్మా, అన్నాను. నేను మోసిన బరువులు నీకేం తెలుసే, అని చెప్పులేసుకుంది. రేవు నుంచి సెంటర్ దాకా వెళ్ళి, గట్టు మీదుగా తిరిగొచ్చింది. లాగ్‌లో తను నోడ్ సిక్స్. స్క్రీన్ మీద ఆ ఆరో నంబరు రోడ్డు వెంట మెల్లగా కదులుతూ, సెంటర్లో కాసేపు ఆగి, మళ్ళీ కదిలింది. ఎందుకాగావంటే, ఎవరో పలకరించేరే, అంది. ఏంటమ్మా ఆ సంచి, ఏదైనా అమ్ముతున్నావా అని అడిగారట.

“ఏం చెప్పావు?”

“మా అమ్మాయి చదువండీ, మోస్తన్నాను అన్నాను.”

లాగ్ ఫైలు సేవ్ చేస్తూ తల తిప్పుకున్నాను.

8 ఏప్రిల్

పంటు రన్‌లో ఒక వింత. నది మధ్యకి చేరకముందే ఒకచోట గట్టుతో లింకు చచ్చిపోతుంది. కాస్త ముందుకెళ్ళగానే మళ్ళీ బతుకుతుంది. వెళ్ళేటప్పుడూ అక్కడే, వచ్చేటప్పుడూ అక్కడే. ప్రతి ట్రిప్పులోనూ.

సాయంత్రం కాగితం మీద లెక్క వేశాను. పంటు మీంచి నా గొట్టానికి సిగ్నలు రెండు దారుల్లో వస్తుంది: ఒకటి నేరుగా, ఒకటి నీటి మీద పడి లేచి. కొన్ని దూరాల్లో ఈ రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. గొట్టం ఎత్తు, పంటు యాంటెన్నా ఎత్తు పెట్టి ఆ దూరం లెక్కగడితే, లాగ్‌లో లింకు తెగిన చోటే వచ్చింది! పుస్తకంలో ఒక బొమ్మగా చూసింది వశిష్ఠలో కనబడింది. సార్‌కి మెయిల్ పెట్టాను. గుడ్ అని రాశారు. సార్ నుంచి ఆ మాట రావడం అరుదు.

16 ఏప్రిల్

ఆ చోటు జరిగింది.

అదే పొద్దుటి ట్రిప్పు, అదే గొట్టం, అదే పంటు. లింకు మాత్రం నరసాపురం వైపు బాగా లోపలికి వెళ్ళాక తెగింది.

25 ఏప్రిల్

నిన్న మళ్ళీ మొదటి చోటే. మధ్యలో వారం రోజులు ఎక్కడ పడితే అక్కడ. గ్రాఫ్ మీద చూస్తే చీమల బారుని చెదరగొట్టినట్టుంది.

సార్ జీపీఎస్ తప్పన్నారు. ఇంకో జీపీఎస్ పెట్టి చూశాను, తేడా లేదు. అయితే యాంటెన్నా ఊగుతోందన్నారు. రమణ గొట్టానికి మూడు వైపులా స్టే వైర్లు కట్టాడు. తేడా లేదు. ఇవాళ ఫోన్లో ఆయన గొంతులో విసుగు. సిమ్యులేషన్‌తో కలవని రీడింగులు తీసేయమ్మా, అవి ఔట్‌లయర్లు, అన్నారు.

తీసేస్తే అందమైన గీత వస్తుంది. ఒకసారి తీసి చూశాను కూడా. చాలా అందంగా ఉంది. మళ్ళీ అన్నీ పెట్టేశాను.

3 మే

ఎండకి నోడ్ ఫోర్ సంచిలోనే ఆగిపోయింది. ముట్టుకుంటే అట్లపెనంలా ఉంది.

9 మే, సాయంత్రం

కాలు వాచింది. అయినా రాయాలి.

పొద్దున్న బ్యాటరీ ఛార్జి కాలేదు. ఎప్పుడూ పొద్దుటే వెళ్ళేవాళ్ళం, ఇవాళ మూడు దాటాక వెళ్ళాం. పంటు ఎక్కే ర్యాంపు మీద బ్యాటరీ పట్టుకుని నేను, వెనక సంచితో అమ్మ. ర్యాంపు నిలువుగా కిందికి దిగిపోయి ఉంది. కాలు జారింది. బ్యాటరీ పాదం మీద పడింది. అమ్మ అరిచిన అరుపుకి పెద్దిరాజు గారు ఇంజను ఆపేసి పరుగెత్తుకొచ్చారు.

బల్ల మీద కూర్చోబెట్టి పాదం మీద నీళ్ళు పోస్తున్నారు. అమ్మ ర్యాంపుని తిడుతోంది. నేను దాన్నే చూస్తున్నాను. కొన్ని రోజులు పొద్దున్న వచ్చేసరికి ఇది రోడ్డుతో సమానంగా ఉంటుంది. బైకులు సాఫీగా దిగుతాయి. ఇప్పుడు ఒక్కో బైకునీ ఇద్దరేసి పట్టుకుని దింపుతున్నారు. గట్టు రాళ్ళ మీద తడి గీత నా నడుము ఎత్తున ఉంది, నీళ్ళు ఎక్కడో కిందున్నాయి. అమావాస్య వెళ్ళిన మర్నాడు. పోటు వెళ్ళిపోయి నీళ్ళు తీసేశాయి.

సముద్రం ఇక్కడికి ఎంతో దూరం లేదు. నేను పుట్టి పెరిగింది ఈ ఆటుపోట్ల మధ్య. లెక్కలో గొట్టం ఎత్తు రోడ్డు మీంచి కొలిచి పెట్టాను. సిగ్నలు పడి లేచేది రోడ్డు మీంచి కాదు కదా, నీటి మీంచి! ఆ మొదటి రోజు పోటు నీళ్ళు రోడ్డు అంచు దాకా ఉన్నాయి కాబట్టే లెక్క కలిసింది. పంటు నీటితో పాటు పైకీ కిందికీ వెళ్తుంది, కానీ గొట్టం కదలదు. పోటు వస్తే నీటికీ గొట్టానికీ దూరం తగ్గుతుంది, లింకు తెగే చోటు మన గట్టు వైపు జరుగుతుంది. నీళ్ళు తీస్తే అవతలికి పోతుంది.

అమ్మా రన్ చేద్దాం, అన్నాను. కాలు చూసుకోవే పిచ్చిదానా, అంది. చేద్దాం అమ్మా, ఒక్కటి.

చేశాం. ఇన్నాళ్ళలో ఎప్పుడూ లేనంత దూరంలో తెగింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అమ్మకి కాలు నొప్పి అనుకున్నట్టుంది.

14 మే

రేవులో ఒక వెదురు గెడ పాతి, నీటి ఎత్తు కనబడేలా రంగుతో గీతలు గీశాం. ప్రతి ట్రిప్పుకీ ముందు గెడ చూసి, లింకు ఎక్కడ తెగుతుందో రమణకి చెబుతున్నాను. తెగాక అతను సెల్‌లో చెబుతున్నాడు. ఇవాళ అన్నీ దగ్గర దగ్గరగానే వచ్చాయి. పాత రీడింగుల్ని కూడా ఆటుపోట్ల పట్టికతో సరిచూశాను. చీమలన్నీ బారులోకి వచ్చేశాయి.

ఒక్క రీడింగు కూడా తీసేయలేదు. ఆ మాట మళ్ళీ రాస్తున్నాను. ఒక్కటి కూడా తీసేయలేదు.

28 మే

సార్ వచ్చారు. గ్రాఫులన్నీ చూశారు. కరెక్టే అన్నారు. నేను ఎగిరి గంతేసేలోపు, కానీ రివ్యూలో నది వద్దు, అన్నారు. రోడ్డు మీద డెమో చేద్దాం, అక్కడ లింకు ఎక్కడా తెగదు, అన్నారు.

“అన్నపూర్ణా, వచ్చేవాళ్ళు నెట్‌వర్క్ నిలబడటం చూడ్డానికొస్తారమ్మా. తెగడం చూడ్డానికి కాదు.”

“ఎక్కడ తెగుతుందో ముందే చెప్పి చూపిస్తానండీ.”

“చెప్పినచోట తెగకపోతే?”

సామాను నేనే సర్ది పంపిస్తానండీ, అన్నాను. ఆయన నా వంక చూశారు. కోపమో కాదో తెలియలేదు. బాధ్యత నీదే, అని కారెక్కారు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. నువ్వు లెక్క సరిగ్గా వేశావా? అంది. వేశాను. మరింకేం, అని మిషను ముందు కూర్చుంది. సంచుల పట్టీలు ఊడుతున్నాయట.

20 జూన్

రేపే. అన్నం సహించలేదు.

21 జూన్

మొదటి నుంచి రాస్తాను.

కమిటీ పొద్దున్నే వచ్చింది. ఇద్దరు మగవాళ్ళు, బెంగుళూరు నుంచి ఒకావిడ. ఆవిడే పెద్ద. తెల్ల జుట్టు, కాన్వాస్ బూట్లు. మిగతా ఇద్దరూ కుర్చీల కోసం చూస్తుంటే ఆవిడ తిన్నగా గొట్టం దగ్గరికెళ్ళి స్టే వైర్లు లాగి చూసింది.

రేపు పున్నమి. పోటు మంచి ఊపు మీదుంది. గెడ మీద నీరు పై గీత దగ్గర. లెక్క వేసి, బోర్డు మీద పెద్దంకెలతో రాశాను: 460 మీటర్లు. ఇక్కడ లింకు తెగుతుంది, అన్నాను. కమిటీలో ఒకాయన నవ్వి, మీ నెట్‌వర్క్ ఫెయిలవుతుందని మీరే చెబుతున్నారా, అని ఇంగ్లిష్‌లో అడిగాడు. అవునండీ అన్నాను. ఆదినారాయణ సార్ నది వైపు చూస్తున్నారు.

బెంగుళూరు ఆవిడ తనే పంటు మీదికి వస్తానంది. పెద్దిరాజు గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. జనం ఎప్పటిలాగే ఎక్కారు: బైకులు, కొబ్బరికాయల ట్రక్కు, నరసాపురం ఆసుపత్రికి వెళ్ళే ముసలాయన. సగం మందికి ఇవాళేదో ఉందని తెలుసు. రెయిలింగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడ్డాను. స్క్రీన్ మీద దూరం పెరుగుతోంది. మూడు వందలు. మూడు వందల యాభై. లైన్లు హాయిగా పడుతున్నాయి. నాలుగు వందలు. ఇంకా పడుతున్నాయి. నాలుగు వందల నలభై. ఒక్కటి కూడా ఆగలేదు. జీవితంలో మొదటిసారి, నేను కట్టింది పాడవ్వాలని దేవుడికి దండం పెట్టుకున్నాను.

నాలుగు వందల యాభై ఎనిమిది దగ్గర లైన్లు ఆగిపోయాయి.

ఆవిడ స్క్రీన్ చూసింది, నీళ్ళు చూసింది, నన్ను చూసింది. పంటు ఇంకొంచెం ముందుకెళ్ళగానే లైన్లు మళ్ళీ పడ్డాయి. పెద్దిరాజు గారు పైనుంచి కేకేశారు: “తెగిందాండీ అమ్మాయి గారూ?” తెగిందండీ అన్నాను. “ఆయ్!” అని హారను కొట్టారు. పంటు మీద ఎవరో చప్పట్లు మొదలెట్టారు. ఎందుకో తెలియకుండానే మిగతావాళ్ళూ కొట్టారు.

అవతలొడ్డు తాకి వెనక్కి బయల్దేరాం. అప్పుడు అమ్మకి ఫోన్ చేశాను. గట్టు మీద ఎగువన, చేపల రేవు దగ్గర సంచితో నిలబడి ఉంది. ఆన్ చేయమ్మా, అన్నాను. ఈసారి అదే చోటికి వచ్చాం. నేరు దారి చచ్చింది, లైన్లు మాత్రం ఆగలేదు. పంటు మాట నోడ్ సిక్స్ అందుకుంది, అక్కణ్ణుంచి టికెట్ల గదికి పంపింది. స్క్రీన్ మీద దారి మారడం కళ్ళారా కనబడింది. వయా సిక్స్.

నోడ్ సిక్స్ ఎక్కడుంది, అని అడిగింది ఆవిడ. చేత్తో చూపించాను. దూరంగా గట్టు మీద నీలం చీర, భుజాన టార్పాలిన్ సంచి, ఎండకి కొంగు నెత్తిన వేసుకుని. మీ అసిస్టెంటా?

“మా అమ్మండీ.”

గట్టు చేరాక తిన్నగా అమ్మ దగ్గరికెళ్ళి, సంచి కిటికీ వేళ్ళతో తడిమి, ఇది కుట్టిందెవరని హిందీలో అడిగింది. కువైట్‌లో నేర్చిన హిందీతో అమ్మ జవాబు చెప్పింది. ఇద్దరూ నాకంటే ఎక్కువసేపు మాట్లాడుకున్నారు.

కొబ్బరిబొండాలు తాగుతూ కమిటీ తన మాట చెప్పింది. సామాను ఎక్కడికీ పోదు. ఇంకో మూడేళ్ళు. ఇంకో మాట కూడా: దేశంలో ఎవరు అడిగినా ఈ టెస్ట్‌బెడ్ వాడుకోనివ్వాలి. సార్‌ని అభినందించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, “ఇది నాది కాదండీ, ఈ అమ్మాయిది. నేను వద్దన్నాను కూడా,” అన్నారు. ఆ మాట అంతమందిలో ఆయన చెప్పనక్కర్లేదు. చెప్పారు.

అమ్మ ఇప్పుడు వంటింట్లో పక్కింటి కామేశ్వరి గారితో చెబుతోంది. గొంతు ఇక్కడికి వినబడుతోంది. “మా అమ్మాయి ఎక్కడ తెగుతాదందో అక్కడే తెగిందండీ.” కామేశ్వరి గారు ఏం తెగిందని అడగలేదు. అయ్యో, మంచిదండీ, అన్నారు.

30 జూలై

నది ఎర్రబడింది. వరద తగ్గేదాకా పంటు ఆపేశారు. గొట్టం దింపి, నోడ్‌లు ఇంటికి తెచ్చాం. అమ్మ గదిలో మంచం కింద ఏడు నోడ్‌లున్నాయి.

9 డిసెంబరు 2006

మా టెస్ట్‌బెడ్ వాడుకోవడానికి గువాహటి నుంచి వచ్చిన అమ్మాయి ఇవాళ రేవులో తన ప్రయోగం తనే నడిపింది. అమ్మ వెళ్ళింది, రమణ వెళ్ళాడు. నన్ను రానక్కర్లేదన్నారు. చేపల పులుసు వేసుకుని తిని, మధ్యాహ్నం పడుకున్నాను. సాయంత్రం దాకా, ఏదో పాడైందని ఎవరూ ఫోన్ చేయలేదు.